చూలాలికి తోడెవరు?

మా ఉద్దానంలో ఒక ఇంటి కోడలు నీళ్ళోసుకుందని తెలిస్తే చాలు, వీధిలో ఆడవాళ్ళందరూ పలకరిస్తారు. "ఎన్నో నెలే?" "ఏటి తింతన్నావు?" "వేవిళ్ళున్నాయా?" "తొలిచూలు మగపిల్లడే, సూస్తూండు!" ఇంతమంది ఇన్ని అడుగుతారు గాని, "నీ మనసెలా ఉందమ్మా?" అని మాత్రం ఎవ్వరూ అడగరు. అడగాలని తోచదు కూడా. కడుపు పండిన ఆడదానికి దిగులేమిటి, అంతకన్న సంతోషం ఇంకేం కావాలి అని మన నమ్మకం.

ఆ నమ్మకం ఎంత పొరపాటో నాకు మా అప్ప వల్ల తెలిసింది. అప్పకు ఆరో నెల నడుస్తూండగా బావ వెల్డింగు పనికి గల్ఫ్ వెళ్ళేడు. మామగారికి కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు డయాలసిస్. అత్తగారు ఆయన వెంట ఆసుపత్రికి తిరగడంతోనే సరిపోయేది. అప్ప ముందు తిండి తగ్గించింది. తరవాత మాట తగ్గించింది. రాత్రుళ్ళు నిద్రపోయేది కాదు, పగలు లేచేది కాదు. బద్ధకం అన్నారు కొందరు. దిష్టి అన్నారు కొందరు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి ఆ ఊరి ఆశ కార్యకర్త ఐరన్ మాత్రలు ఇవ్వడానికి వచ్చి, మాత్రలు పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని, "ఏటైనాది తల్లీ, నాతో సెప్పు" అంది. అప్ప గంటసేపు ఏడ్చింది. ఆ ఏడుపుతో జబ్బు నయమైపోలేదు గాని, అది జబ్బని ఇంట్లోవాళ్ళకు తెలిసింది. డాక్టరు దగ్గరకు తీసికెళ్ళేరు. ఈవేళ అప్పా, కూతురూ బాగున్నారు.

అప్పటినుంచీ ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్నాను. చదివినదీ, మా ఊళ్ళలో చూసినదీ కలిపి మన కళాశాల మిత్రుల ముందు, అధ్యాపకుల ముందు పెట్టాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గర్భిణికి మనిషి తోడు అనేది ముద్దూ మురిపెం కాదు, ఐరన్ మాత్ర లాగ, రక్తపోటు పరీక్ష లాగ అదీ వైద్యంలో భాగమే.

ఇది ఎంతమందికి వస్తుంది?

ఏ ఒక్కరికో వచ్చే విపరీతం కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో సుమారు 10 శాతం, ప్రసవించిన వారిలో సుమారు 13 శాతం మంది మానసిక రుగ్మతతో, ముఖ్యంగా దిగులు జబ్బుతో బాధపడతారు. పేద దేశాల్లో ఇది ఇంకా ఎక్కువ, గర్భంలో 15.6 శాతం, ప్రసవం తరవాత 19.8 శాతం.

మన దేశం సంగతి చూద్దాం. 2002లో రెండు ముఖ్యమైన పరిశోధనలు అచ్చయ్యేయి. గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లులు దిగులు జబ్బుతో ఉన్నట్టు తేలింది. వీరిలో చాలామంది ప్రసవానికి ముందే బాధలో ఉన్నవారు. అంటే, జబ్బు పురిటి గదిలో పుట్టలేదు, గర్భంలో ఉండగానే మొదలైంది. వెల్లూరు వైద్యులు తమిళనాడు పల్లెల్లో గర్భిణులను చివరి నెలల నుంచి వెంబడించి చూస్తే, ప్రసవం తరవాత కొత్తగా జబ్బు పడినవారు 11 శాతం ఉన్నారు.

ఎవరికి ఎక్కువగా వచ్చిందో చూడండి. రాబడి తక్కువైనవారికి, భర్తతో పొత్తు కుదరనివారికి, అత్తతో గాని తల్లిదండ్రులతో గాని పడనివారికి, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టినవారికి, పనిలో చెయ్యి వేసే మనిషి లేనివారికి. ఈ జాబితాలో ఒక్కటీ మందుల షాపులో దొరికే వస్తువు కాదు. అన్నీ ఇంటికి సంబంధించినవే.

ఇక్కడ మూడు రకాలను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. ప్రసవమైన రెండు మూడు రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు పడడం చాలామంది బాలింతలకు ఉంటుంది. రెండు వారాల లోపు దానంతట అదే పోతుంది. రెండోది దిగులు జబ్బు. ఇది గర్భంలో ఎప్పుడైనా, ప్రసవం తరవాత ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు. రెండు వారాలు దాటినా పోదు, దీనికి వైద్యం కావాలి. మూడోది అరుదు. వెయ్యి ప్రసవాల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. లేని మాటలు వినిపించడం, నిద్ర పూర్తిగా పోవడం, బిడ్డ తనది కాదనడం వంటివి దీని లక్షణాలు. దీన్ని మనవాళ్ళు దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరకు తీసికెళ్తారు. నిజానికి ఇది గుండెపోటంత అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

తోడు అంటే ఏమిటి?

1972లో అమెరికాలో నకోల్స్, కాసెల్, కప్లాన్ అనే ముగ్గురు ఒక పరిశోధన ప్రచురించేరు. ఒక సైనిక ఆసుపత్రిలో తొలిచూలు ప్రసవించిన స్త్రీలను తీసుకుని, వారి జీవితంలో ఎన్ని కుదుపులు వచ్చేయో, వారికి అండ ఎంత ఉందో కొలిచేరు. కుదుపులు ఎక్కువగా ఉండి అండ లేనివారిలో 91 శాతం మందికి గర్భంలోనో, ప్రసవంలోనో ఏదో ఒక చిక్కు వచ్చింది. అవే కుదుపులు ఉన్నా అండ గట్టిగా ఉన్నవారిలో 33 శాతానికే వచ్చింది. కుదుపులు లేనివారిలో అండ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. అంటే, అండ అనేది కష్టకాలంలోనే పనిచేస్తుంది, గొడుగు విలువ వానలో తెలిసినట్టు. ఇది చిన్న పరిశోధనే. అయినా ఈ విషయంలో తరవాత జరిగిన ఎన్నో పరిశోధనలకు దారి చూపింది.

తోడులో నాలుగు రకాలున్నాయని 1981లో జేమ్స్ హౌస్ అనే సామాజిక శాస్త్రవేత్త విడదీసి చెప్పేడు. దాన్ని మన ఇళ్ళ భాషలో చెప్పుకుందాం. ఒకటి మనసు తోడు, అంటే పక్కన కూర్చుని వినే మనిషి. రెండోది పని తోడు, బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టే మనిషి, ఆటోకి డబ్బిచ్చే మనిషి. మూడోది తెలివి తోడు, ఏ నెలలో ఏ పరీక్షో, ఏ నొప్పికి భయపడాలో చెప్పే మనిషి. నాలుగోది మాట తోడు, "నువ్వు బాగానే చేస్తున్నావు" అనే మనిషి. ఒక రకం ఉంది కదా అని ఇంకో రకం లేని లోటు తీరదు. గల్ఫ్ నుంచి నెలనెలా డబ్బు పంపే భర్త పని తోడు సగం ఇచ్చినట్టే. మనసు తోడు అందులో రాదు.

సూడిదల్లో ఉన్నదీ, లేనిదీ

మన పూర్వులకు ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. అయిదో నెలలోనో, ఏడో నెలలోనో పుట్టింటివారు చలిమిడి, పళ్ళు, పువ్వులు, గాజులు పట్టుకుని సూడిదలు తెస్తారు. పేరంటాళ్ళు చుట్టూ చేరి పాటలు పాడతారు. తొలికానుపుకి పుట్టింటికి తీసికెళ్తారు. పురుడు పోసిన తరవాత బాలింతను నెలల తరబడి పని చెయ్యనివ్వరు. తల్లి చేతి కాయం, పథ్యం కూడు, ఒంటికి నూనె, వేన్నీళ్ళు. చూలాలిని ఒంటరిగా వదలకూడదన్నదే వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన. పై నాలుగు రకాల తోడులోనూ పని తోడుకు మన ఆచారాల్లో లోటు లేదు.

అయితే లేనిది కూడా చెప్పుకోవాలి. ఈ ఆచారాలు కడుపులో బిడ్డకు మొక్కుతాయి గాని, మోసే మనిషిని అడగవు. సూడిదల నాడు ఇరవైమంది చుట్టూ ఉన్నా, "నాకు భయంగా ఉంది" అనడానికి చూలాలికి చోటు లేదు. శుభమా అని పూలు పెడుతూంటే ఏడుపేమిటంటారు. రెండో కానుపుకి పుట్టిల్లు ఉండదు, సూడిదలూ ఉండవు, ఒక పిల్ల చంకలో ఉంటుంది. ఆ మొదటిది ఆడపిల్లయితే, "ఈసారైనా" అనే మాట రోజూ వినాలి. బిడ్డ ఆడో మగో నిర్ణయించే కణం తండ్రి నుంచి వస్తుందని మనం పదో తరగతిలో చదువుకున్నదే. ఇంటికెళ్ళేసరికి మరిచిపోతాం.

తోడు ఎక్కడ తెగుతోంది?

ఉన్న ఈ కాస్త అండా మన ప్రాంతంలో నాలుగు చోట్ల తెగుతోంది.

మొదటిది వలస. సాయంత్రం పలాస స్టేషన్లో నిలబడితే తెలుస్తుంది. సంచులు పట్టుకుని చెన్నై బండికీ, హైదరాబాదు బండికీ ఎదురుచూసే కుర్రాళ్ళే ఎటు చూసినా. తీరం ఊళ్ళ మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడుతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చింది 2020 జనవరిలో. అంటే పదమూడు నెలలు. ఒక గర్భం మొదలై, ప్రసవమై, బిడ్డ బోర్లా పడే వయసు వచ్చేంత కాలం. అంత పెద్ద కష్టం అందరికీ రాదు. కాని ఆ ఎదురుచూపులో చిన్న ముక్క మన తీరంలో ఎన్నో ఇళ్ళలో ఉంది.

రెండోది కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీన్ని ఎరగని ఊరు లేదు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంతవరకూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యేయి. అది మంచి పని. కాని జబ్బు మనిషి ఉన్న ఇంట్లో గర్భిణి సంగతేమిటి? ఇంటి డబ్బూ, ఇంట్లోవాళ్ళ ఓపికా రోగి వైపు వెళ్ళిపోతాయి, అది సహజం. ఆమె వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. పైగా "ఈ నీళ్ళే నేనూ తాగుతున్నాను, నా బిడ్డకేమవుతుందో" అనే భయం. ఆ భయాన్ని పైకి అంటే అపశకునం. అలాంటి గర్భిణికి మొదటి నెలల్లోనే క్రియాటినిన్, మూత్ర పరీక్ష, రక్తపోటు చూపించి, ఫలితం ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం కూడా మనసుకు మందే.

మూడోది జీడి పని. పలాస, కాశీబుగ్గ జీడిపిక్కల పరిశ్రమ ఆడవాళ్ళ చేతుల మీద నడిచింది. పిక్క కొట్టడం, పొట్టు తీయడం, గుళ్ళు ఏరడం అన్నీ గంటల తరబడి కూర్చుని చేసే పనులు. ఎన్ని కిలోలు చేస్తే అంత కూలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది, 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే ఉంది. కాని హాజరు పట్టీలో పేరు లేకుండా కిలో లెక్కన చేసే ఆడమనిషి ఆ సెలవు ఎవరినడగాలి? మానేస్తే కూలి పోతుంది, చేస్తే నడుం పోతుంది. ఈ రెంటి మధ్యా నలిగేది మనసే.

నాలుగోది తుఫాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో పడిపోయేయి. పడిన కొబ్బరి తోటలో మళ్ళీ కాయ చూడాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ నెలల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళ సంగతి మన ప్రాంతంలో పెద్దగా ఎవరికీ పట్టలేదు.

వేరే దేశంలో పట్టించుకున్నారు. 2011 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పెద్ద వరదలు వచ్చేయి. అప్పటి గర్భిణులను పరిశోధకులు వెంబడించేరు. ఆసుపత్రిలో ఎవరు డ్యూటీలో ఉంటే వారే చూసే మామూలు పద్ధతిలో ఉన్నవారిలో, వరద కష్టం పెరిగినకొద్దీ ప్రసవం తరవాత దిగులు లక్షణాలు పెరిగేయి. మొదటినుంచీ తెలిసిన మంత్రసాని నర్సే చూసుకున్నవారిలో అలా పెరగలేదు. తుఫానును ఆపలేం. కాని గర్భిణికి తెలిసిన ఒక్క మనిషిని చివరిదాకా ఉంచగలం. తుఫానులు మామూలైపోయిన మన తీరానికి ఈ పాఠం పనికొస్తుంది.

తోడును తయారు చెయ్యవచ్చునా?

"తోడు అనేది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దాన్ని ఎవరు తయారు చేస్తారు?" అని మీరు అడగవచ్చు. చెయ్యవచ్చునని చెప్పే ఉదాహరణలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి.

పక్కనున్న ఒడిశాలోని కెంఝర్ జిల్లాలోనూ, జార్ఖండ్‌లోని రెండు జిల్లాల్లోనూ ఏకజుట్ అనే సంస్థ 2005 నుంచి ఒక ప్రయోగం చేసింది. ఊళ్ళో ఆడవాళ్ళు నెలకోసారి కూర్చోవడం, అదే ఊరి ఆడమనిషి ఒకామె సమావేశం నడపడం, కథలతో, ఆటలతో తమ కష్టాలేమిటో తామే తేల్చుకుని ఉపాయాలు తామే వెతుక్కోవడం. అంతే. కొత్త మందులివ్వలేదు. 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చేయి. చివరి రెండేళ్ళలో పురిటిబిడ్డల మరణాలు 45 శాతం తగ్గేయి. తల్లుల దిగులు విషయంలో మూడేళ్ళూ కలిపి చూస్తే గట్టి తేడా కనిపించలేదు గాని, మూడో ఏట మధ్యరకం దిగులు 57 శాతం తగ్గింది. తోడు పండడానికీ కాలం పడుతుందన్నమాట.

రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతీఫ్ రహ్మాన్ బృందం ఇంకో పని చేసింది. మన ఆశ కార్యకర్తల వంటివారికి కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపి, ఆలోచనలను మెల్లగా దారిలో పెట్టే పద్ధతి నేర్పించేరు. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి, ఈ సాయం అందినవారిలో 23 శాతం మందికే జబ్బు మిగిలింది. మామూలుగా ఇళ్ళకు వెళ్ళి వచ్చిన చోట 53 శాతం మందికి మిగిలింది. ఇది 2008 నాటి ఫలితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతినే పుస్తకంగా వేసింది.

పురిటి గది సంగతీ అంతే. గ్వాటెమాలాలో నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన, ఆమెకు ఏ చుట్టమూ కాని ఒక మామూలు ఆడమనిషిని కూర్చోబెట్టి చూసేరు. నొప్పుల సమయం సగానికి పైగా తగ్గిందని 1980లో ప్రకటించేరు. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రసవ సమయాన ఒక ఆడతోడును అనుమతించాలని మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో నిర్ణయించింది. టెక్కలి వెళ్ళినా, పలాస వెళ్ళినా, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్ళినా ఆ తోడును అడగవచ్చునని మన ఆడవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

మనమేం చెయ్యాలి?

ముందు అడగడం నేర్చుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండే ప్రశ్నలు. "ఈ నెల రోజుల్లో ఎక్కువ రోజులు మనసు దిగులుగా, దారి లేనట్టుగా ఉందా?" "ఇదివరకు ఇష్టంగా చేసే పనులు ఇప్పుడు చెయ్యబుద్ధి కావడం లేదా?" వైద్యులు కూడా మొదట ఇవే అడుగుతారు. ఏ ఒక్కదానికి అవునన్నా, ఇంకా వివరంగా చూడాలి. అందుకు ఎడిన్‌బరో కొలమానం అని 1987లో తయారైన పది ప్రశ్నల పట్టిక ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016లో మొదలైంది. ఆ వరుసలో నిలుచున్నప్పుడే ఈ ప్రశ్నలూ అడగవచ్చు.

అడిగిన తరవాత వినాలి. "అందరూ కనలేదా?", "మా కాలంలో ఇవన్నీ లేవు" అనే మాటలు నోటికి రానివ్వకూడదు. ఈ రెండు మాటలతోనే చాలామంది ఆడవాళ్ళు నోరు మూసుకుంటారు. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే, బెదిరింపు అనుకోకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పుడే డాక్టరు దగ్గరకు తీసికెళ్ళండి. కేరళలో 2004 నుంచి మాతృమరణాలను వైద్యులే కూర్చుని ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నారు. రక్తస్రావం, రక్తపోటులతో పాటు ఆత్మహత్య కూడా అక్కడ పెద్ద కారణమని బయటపడింది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. గర్భిణికి మానసిక మందులసలు పనికిరావనడం అపోహ. డాక్టరు చూసి ఇవ్వదగినవి ఉన్నాయి. అలాగే, వాడుతున్న మందును గర్భం అని తెలియగానే సొంతంగా ఆపెయ్యకూడదు.

వాల్తేరు పిచ్చాసుపత్రి పేరు చెప్పి భయపెట్టడం మన వైపు అలవాటు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, చికిత్సకు చేరిన తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను మామూలుగా విడదియ్యకూడదు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచి వైద్యం చేసే ప్రత్యేక వార్డే ఉంది. జబ్బు బయటపడితే బిడ్డను లాక్కుంటారన్న భయంతో దాచుకోనక్కర్లేదని ఇళ్ళలో చెప్పాలి.

మగవాళ్ళకు ఒక మాట. మనలో చాలామందిమి రేపు ఉద్యోగాలకు దూరం వెళ్ళేవాళ్ళమే. ఫోన్లో "డబ్బు అందిందా? పరీక్షకెళ్ళేవా?" అని అడిగి పెట్టెయ్యకండి. పది నిమిషాలు ఆమె మాట వినండి. దూరంలో ఉన్నవాడు ఇవ్వగలిగిన తోడు అదే. మా బావ ఆ తరవాత రోజూ రాత్రి ఫోను చేసేవాడు. ఏం మాట్లాడుకునేవారని ఒకసారి అప్పను అడిగేను. "ఏటీ లేదురా, ఇక్కడ వాన పడిందనీ, పిల్లి ఈనిందనీ సెప్పేదాన్ని. ఇనీవోడు" అంది.

ఇక కడపటి మాట విద్యార్థి సంఘానికి. ఏటా ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పల్లెలకు వెళ్తాం. రోడ్డు వేస్తాం, చెరువు బాగుచేస్తాం. ఈ ఏడు ఉద్దానంలో ఒక ఊరు ఎంచుకుని, మన విద్యార్థినులు అంగన్‌వాడీ టీచరు, ఆశ కార్యకర్తలతో కలిసి గర్భిణుల ఇళ్ళకు వెళ్ళి ఆ రెండు ప్రశ్నలూ అడిగితే బాగుంటుంది. ముందుగా మన మనస్తత్వ శాస్త్రం, సోషల్ వర్క్ అధ్యాపకులు ఒక పూట శిక్షణ ఇస్తే చాలు. అవునన్నవారి పేరు ఎవరికీ చెప్పకుండా, ఆ ఊరి ఏ.ఎన్.ఎం. ద్వారా డాక్టరుకు చేర్చాలి. అందుకు ఖర్చేమీ కాదు. అంగీకరించిన ఊరి పేరు చెప్పడానికి, అక్కడి ఆశ కార్యకర్తను పరిచయం చెయ్యడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె ఎవరో మీరు ఊహించే ఉంటారు.